ల్యాండ్ క్రూజర్ 100 ముందు ఎత్తు: దిగేటప్పుడే ఎందుకు తన్నింది?

బండి 2004 మోడల్ టొయోటా ల్యాండ్ క్రూజర్ 100. 4.7 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజన్, ఆటోమేటిక్ గేరు, ఎడమ స్టీరింగ్. మస్కట్‌లో తిరిగే బండి. వారమంతా హైవే, సెలవు రోజుల్లో వాదీల (ఎండిన వాగు లోయల) రాళ్లు, ఇసుక. ముందు స్టీలు బంపరు, దాని మీద వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), రెండూ కలిపి 95 కిలోలు. వెనక 50 మి.మీ. ఎత్తు పెంచే గట్టి కాయిల్ స్ప్రింగులు. టైర్లు 285/70 ఆర్17. ముందు మాత్రం కంపెనీ టార్షన్ బార్లే (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) ఉన్నాయి; వాటి బోల్టులు బిగించి ముక్కు పైకి లేపారు.

ఫిర్యాదులు మూడు. స్పీడ్ బ్రేకర్ మీంచి దిగేటప్పుడు ముందు సుత్తితో కొట్టినట్టు ఠంగుమని చప్పుడు. గంటకు 110 దాటితే స్టీరింగ్ నిలకడ తప్పి, బండి లేనులో అటూ ఇటూ తేలడం. ఎడమ చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి రిమ్ము నిండా నల్లటి మరకలు.

వేరేచోట చప్పుడు కోసం అప్పటికే షాక్ అబ్జార్బర్లు, స్టెబిలైజర్ లింకులు, ఒక లోయర్ బాల్ జాయింటు మార్చారు. చప్పుడు ఇసుమంత కూడా తగ్గలేదు. రోగం ఒకటి, మందు ఒకటి. అరిగిన బాల్ జాయింటు, వదులైన బుష్ అయితే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, బ్రేకు వేసినప్పుడూ కూడా ఏదో ఒకటి చెబుతాయి. ఇక్కడ చక్రం గతుకు ఎక్కేటప్పుడు చడీచప్పుడూ లేదు. కిందికి జారేటప్పుడే తన్నింది. అంటే చక్రానికి కిందికి దిగే చోటు అయిపోయి, ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఇనుప చెయ్యి) వెళ్లి స్టాపర్‌కు కొట్టుకుంటోంది. ఇంతవరకు పాన పట్టకుండానే తేలిపోతుంది.

కొలతలు

నేల సమంగా ఉందో లేదో ముందు చూడాలి. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం చాలు. నాలుగు చక్రాల చోట్లా మట్టం 3 మి.మీ. లోపు రావాలి. నమ్మకం కుదరకపోతే బండిని వెనక్కి తిప్పి అదే చోట నిలిపి మళ్లీ కొలిస్తే నేల బండారం బయటపడుతుంది. టైర్ల గాలి సమం చేసి, బండిని ఓ పది అడుగులు ముందుకూ వెనక్కూ దొర్లించి, బంపరు మీద రెండు మూడుసార్లు బరువేసి వదలాలి. జాకీ మీంచి దించగానే కొలిస్తే టైర్లు నేలను పట్టుకుని చక్రాలను లోపలికి లాగి ఉంచుతాయి. ఆ కొలత 10–15 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు సర్దుబాటులో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి.

నేల నుంచి ఫెండర్ దాకా కొలవకూడదు. టైరు సైజూ, గాలీ, అరుగుదలా అన్నీ అందులో కలిసిపోతాయి. ఈ బండినే చూడండి: 275/65 ఆర్17 వ్యాసం సుమారు 789 మి.మీ., 285/70 ఆర్17 వ్యాసం సుమారు 831 మి.మీ. సస్పెన్షన్‌ను ముట్టుకోకుండానే టైరు ఒక్కటే బండిని 21 మి.మీ. లేపింది. అందుకే హబ్ మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచు దాకా కొలవాలి. ఫెండర్ ఎప్పుడైనా తగిలి రిపేరై ఉంటే ఆ అంచునూ నమ్మలేం. ఛాసిస్ రైలు మీద రెండువైపులా ఒకే చోట గుర్తు పెట్టుకుని సరిచూసుకోవాలి.

వచ్చిన అంకెలు ఇవి. ముందు ఎడమ 561, ముందు కుడి 556. వెనక ఎడమ 541, వెనక కుడి 549. బరువులేమీ లేకుండా ఈ మోడల్‌కు ముందు సుమారు 500 ఉంటుంది కనుక ఆరు సెంటీమీటర్లు లేపారన్నమాట. పైగా ముక్కు వెనకభాగం కంటే ఎత్తులో ఉంది. నలుగురు మనుషులూ సామానూ ఎక్కితే ఇంకా మిన్ను చూస్తుంది.

అసలు కొలత ఇది కాదు. ఛాసిస్ కింద జాకీ పెట్టి, ముందు రెండు చక్రాలూ పూర్తిగా వేలాడేలా లేపి మళ్లీ హబ్ నుంచి ఫెండర్ దాకా కొలిచాం. ఒకవైపే లేపితే రెండువైపులనూ కలిపే స్టెబిలైజర్ బార్ ఆ చక్రాన్ని పట్టి ఉంచుతుంది. రెండూ కలిపే లేపాలి. రెండువైపులా 585 వచ్చింది. ఇందులోంచి నిలబడినప్పటి ఎత్తు తీసేస్తే చక్రం కిందికి దిగగల చోటు, అంటే డ్రూప్, తేలుతుంది: ఎడమ 24, కుడి 29 మి.మీ. కంపెనీ ఎత్తులో అది 85 దాకా ఉంటుంది.

బోల్టు ఎంత బిగించినా ఆ 585 మారదు. అప్పర్ ఆర్మ్ కింద ఛాసిస్‌కు ఉన్న రబ్బరు స్టాపర్ ఎక్కడుందో, చక్రం హద్దు అక్కడే. బోల్టు బిగించిన ప్రతి మిల్లీమీటరూ ఆ హద్దులోంచి కొరుక్కు తినేదే. ఫెండర్ కొలత చూసి మురిసిపోయేవాళ్లు మరిచేది దీన్నే. ఈ బండి ఎడమ స్టాపర్ రబ్బరు అప్పటికే చీలి సగం ఊడిపోయింది. అప్పర్ ఆర్మ్ మీద ఇనుముకు ఇనుము తగిలిన మెరుపు గీతలు కనబడ్డాయి.

బోల్టు బిగిస్తే బార్ గట్టిపడుతుందా?

గట్టిపడదు. ఈ అపోహ షెడ్డుల్లో ఇంకా పాతుకుని ఉంది. టార్షన్ బార్ అంటే మెలిపడే స్ప్రింగు. దాని గట్టిదనం బార్ మందం, పొడవు, ఉక్కు గుణం మీద ఆధారపడుతుంది. వెనక చివర బార్‌ను పట్టి ఉంచే యాంకర్ ఆర్మ్‌ను బోల్టుతో తిప్పితే బార్ మొదలయ్యే కోణం మాత్రమే మారుతుంది. మోయాల్సిన బరువు అదే కనుక బార్ మెలిక కూడా అంతే; లోయర్ ఆర్మ్ నిలబడే చోటు పైకో కిందికో జరుగుతుంది. బిగించాక బండి గట్టిగా అనిపించడానికి కారణాలు వేరు. డ్రూప్ మిగలదు, షాక్ అబ్జార్బర్ దాదాపు చివరిదాకా సాగి పనిచేస్తుంది, ఆర్మ్‌ల వాలు ఎక్కువవుతుంది.

మందం పెంచితే మాత్రం కథ మారుతుంది. గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బార్ 10 శాతం లావైతే 46 శాతం గట్టిపడుతుంది. అందుకే రెండు బార్లు పక్కపక్కన పెడితే కంటికి ఆనని తేడా, రోడ్డు మీద నడుముకు తెలుస్తుంది.

ఇక ఆ 95 కిలోల బంపరు. దాని బరువు మధ్యస్థానం ముందు ఇరుసుకు సుమారు 0.9 మీటరు ముందు ఉంది, వీల్‌బేస్ 2.85 మీటర్లు. తులాదండం లెక్క వేస్తే ముందు ఇరుసు మీద పడేది 95 కాదు, దాదాపు 125 కిలోలు. వెనక ఇరుసు మీద 30 కిలోలు తేలికవుతుంది. ముక్కు దిగడం, వెనక లేవడం రెండూ ఒకేసారి జరిగాయి. వెనక లేచినదాన్ని అందుకోవాలని ముందు బోల్టులు బిగించుకుంటూ పోయారు. బోల్టులో ఇంకా నాలుగైదు దారాలే మిగిలాయి.

పాత బార్లతోనే 530కి దించి వదిలేయొచ్చా? డ్రూప్ వస్తుంది, చప్పుడు పోతుంది. కానీ ఆ బరువుకు ఆ బార్లు చాలవు. అంత ఎత్తులో ఉన్నా కింది బంప్ స్టాప్ (చక్రం పైకి వచ్చే హద్దు దగ్గర ఆపేది) రబ్బరు నలిగి మెరుస్తోంది, అంటే గుంటల్లో సస్పెన్షన్ అడుగుదాకా వెళుతోంది. దించితే ఇంకా తరచుగా తగులుతుంది. కనుక వించి బరువుకు తగ్గ గట్టి బార్లు వేసి, ఎత్తు తగ్గించడమే దారి. వించి, స్టీలు బంపరు లేని బండి అయితే కొత్త బార్లు అనవసరం; బోల్టులు వదులు చేస్తే పని అయిపోయేది.

ముందు వెనక సంగతి

వెనక ఎడమ 8 మి.మీ. తక్కువ ఉంది. దీన్ని వదిలేసి ముందు సర్దడం మొదలుపెడితే ఎటూ తేలదు. నాలుగు కాళ్ల మంచంలో ఒక కాలు పొట్టిదైతే ఎదురుమూల కాలు లేస్తుంది. బండీ అంతే. ఎడమ వెనక తగ్గితే కుడి ముందు ఎక్కువ చూపిస్తుంది, లేదా దాన్ని సరిచేయబోయి ఆ మూల బరువు మార్చేస్తాం. ఎడమ కాయిల్ పైన 10 మి.మీ. ప్యాకర్ (మందపాటి బిళ్ల) వేశాక వెనక 549, 548 వచ్చింది. అప్పుడు ముందు పని.

లక్ష్యం 530. ఇది పుస్తకంలోంచి తీసిన అంకె కాదు. పూర్తిగా వేలాడినప్పటి 585లోంచి కనీసం 55 మి.మీ. డ్రూప్ మిగలాలని పెట్టుకున్నది. వాదీల్లో, ఇసుక దిబ్బల్లో తిరిగే బండికి 50కి తక్కువ వద్దు. వెనక 548కి ముందు 530 అంటే ముక్కు 18 మి.మీ. తక్కువ, సామాను ఎక్కాక సమమవుతుంది.

బార్లు మార్చడం

ముందు రోజు రాత్రే యాంకర్ బోల్టుల దారాలకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. ఛాసిస్ కింద స్టాండులు పెట్టి, చక్రాలు విప్పి, ఆర్మ్‌లు పూర్తిగా వేలాడనిచ్చాకే బోల్టును ముట్టుకోవాలి. చక్రం మీద బండి బరువు ఉండగా తిప్పితే దారాలు కొరుక్కుపోతాయి; తరవాత ఆ బోల్టు ముందుకూ రాదు, వెనక్కూ పోదు. ఈ బండికి 30 మి.మీ. సాకెట్, పొడవాటి బార్ కావాలి. ఎయిర్ గన్ వద్దు.

ఆర్మ్ వేలాడుతున్నా బార్‌లో కొంత మెలిక మిగిలే ఉంటుంది. బోల్టు పూర్తిగా వదులయ్యేదాకా యాంకర్ ఆర్మ్ కింద చెయ్యి పెట్టకూడదు, సుత్తితో కొట్టకూడదు. ఎన్ని చుట్లు వదిలారో సుద్దతో రాసుకోవాలి. విప్పే ముందు బార్ మీదా, యాంకర్ ఆర్మ్ మీదా, ముందు సాకెట్ మీదా ఒకే గీతలో పెయింటు గుర్తు పెట్టాలి. పాత బార్ తిరిగి వేయకపోయినా పల్లు (బార్ చివర చుట్టూ ఉండే గాళ్లలో ఒకటి) ఎక్కడ కూర్చుందో ఆ గుర్తే చెబుతుంది.

బార్లకు చివర ఎడమ, కుడి ముద్రలు ఉంటాయి. తారుమారు చేయకూడదు. తయారీలోనే ఒక్కో బార్‌ను అది పనిచేసే దిక్కులో మెలిపెట్టి సిద్ధం చేస్తారు. ఎదురు దిక్కులో వాడితే కుంగిపోతుంది, విరగనూవచ్చు. ఇంకో మాట: బార్ ఒంటిని పైపు పానతో పట్టడం, ఉలితో గుర్తు కొట్టడం నేరంతో సమానం. మెలిపడే కడ్డీలో ఒత్తిడి అంతా పైపొరలోనే ఎక్కువ. అక్కడ పడిన గీత నుంచే పగులు మొదలవుతుంది. పెయింటు గీరుకున్నా తుడిచి మళ్లీ పూయాలి.

పల్లను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, గ్రీజు పట్టించి, దుమ్ము తొడుగులు ఎక్కించి కొత్త బార్లు దూర్చాం. యాంకర్ ఆర్మ్‌ను ఏ పల్లులో కూర్చోబెట్టాలన్నదే ఇక్కడ కీలకం. ఆర్మ్ పూర్తిగా వేలాడుతుండగా, బోల్టు మొదటి దారాలు అందీ అందనట్టు పట్టుకునే పల్లు వెతకాలి. ఒక పల్లు ఎక్కువైతే బోల్టు కొద్దిగా బిగించేసరికే బండి ఆకాశానికి లేస్తుంది, దించడానికి దారి ఉండదు. ఒక పల్లు తక్కువైతే బోల్టు చివరిదాకా బిగించినా ఎత్తు రాదు. కుడివైపు మొదటిసారి ఒక పల్లు తక్కువే పడింది. బోల్టు సగం బిగించాక కూడా ఎడమవైపుకు 40 మి.మీ. కింద ఉండటంతో విప్పి మళ్లీ వేయాల్సి వచ్చింది. రెండువైపులా బోల్టు బయటికి ఉన్న పొడవు దాదాపు సమంగా ఉంటే పల్లు సరిగ్గా పడినట్టే.

ఎత్తు సర్దేటప్పుడు ఒక పూర్తి చుట్టుకు 5 నుంచి 6 మి.మీ. తేడా వచ్చింది. ప్రతిసారీ జాకీతో లేపడం, రెండువైపులా చుట్టు చొప్పున తిప్పడం, దించడం, దొర్లించడం, కొలవడం. విసుగు పుట్టించే పనే, అడ్డదారి లేదు. ఒకవైపే అయిదారు చుట్లు తిప్పితే ఎదుటివైపు కూడా కదిలి లెక్క తప్పుతుంది.

కొత్త బార్లు కొంత కుంగుతాయి కనుక లక్ష్యానికి 5 మి.మీ. పైన ఆపాం: ఎడమ 536, కుడి 535.

లోయర్ ఆర్మ్ బుష్‌లు

ఇది చాలామంది వదిలేసే చోటు. లోయర్ ఆర్మ్ లోపలి చివర రబ్బరు బుష్‌లు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటాయి. ఆర్మ్ కదిలితే రబ్బరు జారదు, మెలిపడుతుంది. 561 ఎత్తులో బిగించిన బుష్ బండిని 535కి దించినా పాత చోటికే లాగుతూ ఉంటుంది. అంటే అదీ ఒక చిన్న స్ప్రింగే. కొలత తప్పు చూపిస్తుంది, బుష్ కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. కాబట్టి క్యామ్ బోల్టులకు (తిప్పితే ఆర్మ్ లోపలి చివరను జరిపే బోల్టులకు) పెయింటు గుర్తు పెట్టి, నట్లు వదులు చేసి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, దొర్లించి, ఆ ఎత్తులోనే బిగించాలి. ఈ బండిలో నట్లు వదలగానే ముందు భాగం మరో 4 మి.మీ. దిగింది. మళ్లీ ముప్పావు చుట్టు బిగించి 535 దగ్గరికి తెచ్చాం.

యాక్సిల్ కోణం, గ్రీజు మరక

ఈ బండిలో నాలుగు చక్రాలకూ ఎల్లవేళలా శక్తి వెళుతుంది. మధ్య డిఫరెన్షియల్‌కు (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే పెట్టెకు) లాక్ ఉంటుంది. కనుక ముందు యాక్సిళ్లు హైవే మీద కూడా లోడు మీదే తిరుగుతాయి. అవసరమైనప్పుడే 4డబ్ల్యూడీ వేసుకునే బండిలో చెల్లిపోయే కోణం ఇక్కడ చెల్లదు. 560 ఎత్తులో ఎడమ చక్రంవైపు సీవీ జాయింటు (తిరుగుతూనే వంగగలిగే యాక్సిల్ కీలు) బూటు, అంటే రబ్బరు తొడుగు, మడతలు ఒకదాన్నొకటి రాసుకుని, చిన్న క్లిప్పు పక్కన చీలింది. జాయింటు విప్పి కడిగి చూస్తే గోళీల దారులు నున్నగానే ఉన్నాయి. ఇసుక ఇంకా లోపలికి చేరలేదు. కొత్త బూటు, కొత్త గ్రీజు, రెండు క్లిప్పులతో సరిపోయింది.

ఎత్తు కంపెనీ కొలత కంటే 30 మి.మీ. పైనే ఉంటుంది కనుక యాక్సిల్ కోణం తగ్గేలా ముందు డిఫరెన్షియల్‌ను 25 మి.మీ. దించే స్పేసర్లు కూడా వేశాం. కిందున్న రక్షణ పళ్లానికి కూడా స్పేసర్లు వేయకపోతే డిఫరెన్షియల్ దానికి తగిలి మరో కొత్త చప్పుడు మొదలవుతుంది. ముందు ఎత్తు 520 లోపు ఉండే బండికి ఈ స్పేసర్లు డబ్బు దండగ.

చక్రాలు పూర్తిగా వేలాడదీసి స్టీరింగ్ రెండు చివర్లకూ తిప్పి, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు బిగుసుకోవడం లేదని చూడాలి. షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగకముందే ఆర్మ్ స్టాపర్‌ను తాకాలి. షాకే ముందు ఆగిపోతే ప్రతి గుంటకూ దాని లోపలి పిస్టనే స్టాపర్ పని చేస్తుంది. నెలల్లో నూనె కక్కేస్తుంది. రెండు డ్రూప్ స్టాపర్ రబ్బర్లూ కొత్తవి వేశాం.

అలైన్‌మెంట్

తేలుడుకు జవాబు ఇక్కడ దొరికింది. పాత ఎత్తులో క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) ఎడమ +1.0, కుడి +0.8 డిగ్రీలు, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) 1.2, 1.5 డిగ్రీలే. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు తిరిగిరావడం క్యాస్టర్ వల్లే; అది ఇంత తగ్గితే పెద్ద టైర్లతో బండి రోడ్డు మీద ప్రతి వాలుకూ లొంగుతుంది. అంతకుముందు అలైన్‌మెంట్ చేసినచోట టో (ముందు చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మాత్రమే సరిచేసి పంపారు.

కొత్త ఎత్తులో లోయర్ ఆర్మ్ ముందు, వెనక క్యామ్ బోల్టులతో క్యాస్టర్ 2.6, 2.7కి, క్యాంబర్ −0.1, 0కి వచ్చాయి. క్యాస్టర్, క్యాంబర్ ఒకే క్యామ్‌ల మీద ఆడతాయి కనుక ఒకటి కదిపితే రెండోది కదులుతుంది; ఓపిక కావాలి. టో ఆఖర్న, స్టీరింగ్ నిటారుగా పట్టి, మొత్తం 1 నుంచి 2 మి.మీ. లోపలికి. క్యామ్‌లు చివరిదాకా తిప్పినా క్యాస్టర్ రాకపోతే అప్పర్ ఆర్మ్‌లు కొనే ముందు ఎత్తు మళ్లీ చూసుకోవాలి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. హెడ్‌లైట్లు గోడకు వేసి దించాల్సింది దించాం.

500 కి.మీ. తరవాత

ముందు రెండువైపులా 530, డ్రూప్ 55. వెనక 547, 547. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు చప్పుడు లేదు, బూటు పొడిగా ఉంది, 120 మీద స్టీరింగ్ ఒంటిచేత్తో నిలుస్తోంది. డిఫరెన్షియల్ స్పేసర్ బోల్టులు మళ్లీ బిగించి చూస్తే ఒకటి పావు చుట్టు తీసుకుంది. టో ఒక మిల్లీమీటరు జరిగితే సరిచేశాం.

ఇదే మోడల్‌లో హైడ్రాలిక్ ఎత్తు సర్దుబాటు ఉన్న బండికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఎత్తును సెన్సర్లు నిర్ణయిస్తాయి. టార్షన్ బార్ బోల్టు తిప్పితే మారేది హైడ్రాలిక్ పీడనం. ఎత్తు అంతే ఉంటుంది, లోపల పంపు మీదా, స్ప్రింగులా పనిచేసే గ్యాసు గోళాల మీదా భారం మారుతుంది. పీడనం కొలిచే పరికరం లేకుండా ఆ బోల్టు జోలికి వెళ్లొద్దు.

మన దగ్గర 2010 నుంచి 2020 దాకా వచ్చిన పాత మహీంద్రా థార్ సీఆర్‌డీఈ రకానికి ముందు టార్షన్ బార్లే. దానికి పై అంకెలు ఏవీ వర్తించవు, పద్ధతి మాత్రం అక్షరాలా వర్తిస్తుంది: ముందు చక్రాలు రెండూ వేలాడదీసి హద్దు కొలిచి, అందులోంచి కావాల్సిన డ్రూప్ తీసేసి, మిగిలిన అంకెకు బోల్టు తిప్పాలి. వెనక కమాన్ కట్టలకు పొడవు షాకిల్స్ (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే పలకలు) వేసి, ఆ ఎత్తును అందుకోవడానికి ముందు బోల్టులు చివరిదాకా బిగించిన థార్ వస్తే, మొదట షాకిల్స్ పొడవు చూడండి.